ప్రొక్లైన్‌కి జ్వరమా, థర్మామీటర్ పాడా?

వేసవి సెలవుల్లో భీమవరం దగ్గర మా మామయ్య వాళ్ల ఊరు వెళ్లాను. మామయ్యకి ఒక ప్రొక్లైన్ ఉంది. ఇరవై టన్నుల సైజు, సెకండ్ హ్యాండ్‌లో లోన్ మీద కొన్నారు. చెరువుల్లో పూడిక తియ్యడం, గట్లు వెయ్యడం దాని పని. వానలు మొదలయ్యేలోపు ఈ పనులన్నీ అయిపోవాలి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మెషిన్ ఒక్కరోజు ఆగినా మా ఇంట్లో అందరికీ ఈఎంఐ తారీఖు గుర్తొస్తుంది.

ఒకరోజు పొద్దున ఐదున్నరకి మామయ్యతో పాటు సైట్‌కి వెళ్లాను. మెషిన్ రాత్రంతా గట్టు మీదే ఉంది. డ్రైవర్ ఇంకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యలేదు, తాళం మాత్రం ఆన్ చేశాడు. మానిటర్‌లో సర్వీస్ పేజీ చూపించమని అడిగితే చూపించాడు. అందులో మూడు టెంపరేచర్లు ఉన్నాయి.

బయటి గాలి: 28
ఇంజిన్ కూలెంట్: 29
హైడ్రాలిక్ ఆయిల్: 62

రాత్రంతా ఆగి ఉన్న మెషిన్‌లో గాలి, నీళ్లు చల్లగా ఉండి ఆయిల్ ఒక్కటే 62 డిగ్రీలు ఎలా ఉంటుంది? అదే అడిగాను. డ్రైవర్ ముందు మామయ్య వైపు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "అది ఆయిల్ వేడి కాదండి అమ్మాయిగారు. మెకానిక్ రెసిస్టర్ పెట్టాడండి. అది ఎప్పుడూ అంతే చూపిస్తాది."

ఈ వ్యాసం ఆ 62 గురించే. నాది సీఎస్ఈ, మెకానికల్ కాదు. కానీ ఆ వారం గట్టు మీద నేర్చుకున్నది ఏ బ్రాంచ్ వాళ్లకైనా పనికొస్తుందని అనిపించి రాస్తున్నాను.

కంట్రోలర్‌కి వేడి తెలీదు

ముందు ఆయిల్ సంగతి. ప్రొక్లైన్‌లో ఇంజిన్ పంపుని తిప్పుతుంది, పంపు ఆయిల్‌ని ప్రెషర్‌తో తోస్తుంది, ఆ ఆయిల్ సిలిండర్లలోకి వెళ్లి బూమ్‌ని, బకెట్‌ని కదిలిస్తుంది. దారిలో వృథా అయిన పవర్ అంతా వేడిగా మారి ఆయిల్‌లోనే చేరుతుంది. ఆయిల్ వేడెక్కితే పలచబడుతుంది. డబ్బా మీద వీజీ 46 అని ఉంటే 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 46 సెంటీస్టోక్స్ అని అర్థం. అదే ఆయిల్ 100 డిగ్రీల దగ్గర సుమారు 7కి పడిపోతుంది. అంత పలచనైతే పంపు లోపలి భాగాల మధ్య ఆయిల్ పొర నిలవదు. అవి ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి. సీళ్లు గట్టిపడి లీకవుతాయి. ఆ మెషిన్‌లో బాగా ఖరీదైన పార్టుల్లో పంపు ఒకటి. అందుకే ఆయిల్ వేడిని చూడటానికి సెన్సర్ పెడతారు.

ఈ సెన్సర్ సాధారణంగా ఎన్టీసీ థర్మిస్టర్. వేడి పెరిగితే దీని రెసిస్టెన్స్ తగ్గుతుంది. బళ్లలో, మెషిన్లలో బాగా వాడే ఒక రకం లెక్కలు ఇవి:

0 డిగ్రీలు: 5,900 ఓమ్స్
20 డిగ్రీలు: 2,500 ఓమ్స్
60 డిగ్రీలు: 600 ఓమ్స్
80 డిగ్రీలు: 320 ఓమ్స్
100 డిగ్రీలు: 186 ఓమ్స్

కంట్రోలర్ 5 వోల్టులు తీసుకుని, తన లోపల ఉన్న ఒక రెసిస్టర్ ద్వారా సెన్సర్ వైరుకి పంపుతుంది. ఆ వైరు మీద ఎన్ని వోల్టులు మిగిలాయో కొలుస్తుంది. ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రికల్‌లో చదివిన వోల్టేజ్ డివైడరే ఇది. లోపలి రెసిస్టర్ 2,200 ఓమ్స్ అనుకుందాం. 20 డిగ్రీల దగ్గర 5ని 2500తో గుణించి 4700తో భాగిస్తే 2.66 వోల్టులు. 100 డిగ్రీల దగ్గర 0.39 వోల్టులే. కంట్రోలర్ ఈ వోల్టుల్ని ఒక టేబుల్‌లో వెతికి, దానికి ఎదురుగా ఉన్న డిగ్రీల్ని మానిటర్‌కి పంపుతుంది.

అంటే కంట్రోలర్ వేడిని ఎప్పుడూ చూడలేదన్నమాట. దానికి తెలిసింది వోల్టేజ్ మాత్రమే. ఆయిల్, సెన్సర్, కప్లర్, వైరు, ఎర్త్, కంట్రోలర్: ఈ గొలుసులో ఏ లింకు చెడినా మానిటర్ మీద ఒక నంబర్ వస్తూనే ఉంటుంది, చూడ్డానికి అది మామూలు నంబర్‌లానే ఉంటుంది.

అబద్ధాల్లో రకాలు

వైరు తెగితే కరెంటు వెళ్లే దారి లేదు, వోల్టేజ్ 5 దగ్గరే ఉండిపోతుంది. కంట్రోలర్‌కి అది విపరీతమైన చలి. మండుటెండలో మైనస్ 40 చూపిస్తే అర్థం ఇదే.

సిగ్నల్ వైరు తొడుగు ఊడి మెషిన్ బాడీకి తగిలితే వోల్టేజ్ సున్నా. కంట్రోలర్‌కి అది విపరీతమైన వేడి.

ఈ రెండూ పట్టుకోవడం తేలిక, ఎందుకంటే అవి నమ్మలేని అబద్ధాలు. కష్టమంతా నమ్మేలా ఉండే అబద్ధాలతోనే. అవి రెండు రకాలు.

మొదటిది, కప్లర్‌లో పిన్నులు తుప్పు పట్టడం. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పుగాలికి ఇది మామూలే, పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. దాని వల్ల ఒక 200 ఓమ్స్ కలిశాయి అనుకోండి. 20 డిగ్రీల దగ్గర 2,500 కాస్తా 2,700 అవుతుంది, మానిటర్ 18 చూపిస్తుంది. ఎవరూ పట్టించుకోరు. కానీ ఆయిల్ నిజంగా 100 డిగ్రీలకి వెళ్తే 186 కాస్తా 386 అవుతుంది, మానిటర్ చూపించేది 74. పంపు ఉడుకుతుంటే మానిటర్ 'అంతా బాగుంది' అంటుంది.

రెండోది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. కప్లర్‌లోకి ఉప్పునీళ్లు చేరి రెండు పిన్నుల మధ్య కరెంటు కొద్దికొద్దిగా లీకవడం. ఆ లీకు 2,000 ఓమ్స్ అనుకుంటే, అది సెన్సర్‌కి ప్యారలల్ అవుతుంది. 20 డిగ్రీల ఆయిల్ 42లా కనిపిస్తుంది. 80 డిగ్రీల ఆయిల్ మాత్రం 85లా, అంటే దాదాపు సరిగ్గానే కనిపిస్తుంది.

ఈ లెక్క చేశాక నాకు ఒక సంగతి తెలిసింది. తుప్పు తప్పు వేడిలో బయటపడుతుంది, నీటి తప్పు చల్లదనంలో బయటపడుతుంది. అందుకే సెన్సర్‌ని పొద్దున ఒకసారి, బాగా పని చేశాక ఇంకోసారి చూడాలి. ఒక్కసారి చూసి "ఓకే" అనకూడదు.

కోడ్‌లో చివరి అంకె

ఇలాంటి మెషిన్లలో చాలావాటికి జే1939 అనే ప్రోటోకాల్ ఉంటుంది. అందులో ప్రతి తప్పుకీ రెండు నంబర్లు. మొదటిది ఎస్‌పీఎన్, అంటే ఏ కొలత. 110 అంటే ఇంజిన్ కూలెంట్ టెంపరేచర్, 1638 అంటే హైడ్రాలిక్ టెంపరేచర్. రెండోది ఎఫ్ఎంఐ, అంటే ఆ తప్పు ఏ రకం. మనకి కావాల్సినవి నాలుగు.

0: రీడింగ్ సరైనదే, కానీ నిజంగానే బాగా ఎక్కువగా ఉంది.
2: రీడింగ్ నిలకడగా లేదు, ఎగిరెగిరి పడుతోంది.
3: వోల్టేజ్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. వైరు తెగి ఉండొచ్చు.
4: వోల్టేజ్ ఉండాల్సిన దానికన్నా తక్కువ. ఎక్కడో బాడీకి తగులుతూ ఉండొచ్చు.

0 వస్తే ఆయిల్‌ని చూడాలి. 3, 4 వస్తే వైరింగ్‌ని చూడాలి. కొన్ని కంపెనీలు సొంత కోడ్లు వాడతాయి, అయినా వాటిలోనూ ఈ తేడా ఉంటుంది. కోడ్ చెప్పేది 'ఈ సర్క్యూట్‌లో తప్పుంది' అని మాత్రమే. 'సెన్సర్ మార్చు' అని ఏ కోడూ చెప్పదు.

మా మెషిన్‌కి ఏమైంది

డ్రైవర్ని కూర్చోబెట్టి మొదటినుంచీ అడిగాను. మూడు వారాల కింద బీప్ మొదలైంది. ఆయిల్ టెంపరేచర్ ముల్లు చివరిదాకా వెళ్లడం, ఇంజిన్ స్పీడ్ దానంతట అదే పడిపోవడం, కాసేపటికి మళ్లీ మామూలైపోవడం. మెకానిక్ వచ్చి సెన్సర్ మార్చాడు. రెండు రోజులు బాగుంది. మళ్లీ వచ్చింది. ఇంకో సెన్సర్ వేశాడు. మళ్లీ వచ్చింది. ఇక కంట్రోలర్ మార్చాలన్నాడు, దాని రేటు విని మామయ్యకి రాత్రి నిద్ర పట్టలేదట. అప్పుడు మెకానిక్ "సీజన్ అయ్యేదాకా ఇది పెడదాం" అని రెసిస్టర్ బయటికి తీశాడు.

"ముల్లు మెల్లగా ఎక్కేదా, ఒక్కసారే ఎక్కేదా?" అని అడిగాను.

"ఒక్కసారేనండి. టక్కుమని. అదీ తవ్వేటప్పుడు కాదు, గట్టు మీద నడిపేటప్పుడు. నేను దిగి ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూశానండి. అంత వేడేమీ లేదు."

ఈ మాటల్లోనే సగం జవాబు ఉంది. ఒక లెక్క చూడండి. సిస్టమ్‌లో 200 లీటర్ల ఆయిల్ అనుకుందాం, బరువు సుమారు 174 కేజీలు. ఒక కేజీ ఆయిల్‌ని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి దాదాపు 1.9 కిలోజౌల్స్ కావాలి. 60 డిగ్రీలు పెంచాలంటే దాదాపు 19,800 కిలోజౌల్స్. ఇంజిన్ 110 కిలోవాట్లు అనుకుని, అది ఇచ్చే పవరంతా ఒక్క చుక్క పని చెయ్యకుండా వేడిగానే మారిపోయినా 180 సెకన్లు పడుతుంది. మూడు నిమిషాల పని ఒక్క సెకనులో జరగదు. కాబట్టి ముల్లుని లేపింది ఆయిల్ కాదు.

ఇంకో విషయం. మెకానిక్ ముందు రెసిస్టర్‌ని సెన్సర్ దగ్గర కప్లర్‌లో పెట్టాడట. అయినా బీప్ వచ్చింది. తర్వాత సీటు వెనకాల కంట్రోలర్ దగ్గరే వైరు కట్ చేసి అక్కడ పెట్టాడు. బీప్ ఆగిపోయింది. ఇది విన్నప్పుడు నేను నిజంగా ఎగిరి గంతేశాను. సెన్సర్ లేకపోయినా తప్పు వచ్చిందంటే తప్పు సెన్సర్‌ది కాదు. వైరుని తప్పిస్తే పోయిందంటే తప్పు కంట్రోలర్‌దీ కాదు. మిగిలింది మధ్యలో వైరు. ఆయన తనకి తెలీకుండానే సరైన టెస్ట్ చేశాడు, జవాబు కూడా వచ్చింది. కానీ సీజన్‌లో ఫోన్ మీద ఫోన్ వస్తుంటే ఆ జవాబు చదివే టైమ్ ఆయనకి లేదు.

తాళం తీసి, బ్యాటరీ స్విచ్ ఆపి, రెసిస్టర్ పీకేశాం. ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు గీతలు: 560 ఓమ్స్. పైన టేబుల్ ప్రకారం అది 62 డిగ్రీలు. పాత వైరు మళ్లీ కలిపి తాళం ఆన్ చేస్తే ఆయిల్ 29 చూపించింది, కూలెంట్‌తో సమానంగా. పాత కోడ్లు తెరిచి చూస్తే హైడ్రాలిక్ టెంపరేచర్ పక్కన ప్రతిసారీ 4 ఉంది. 0 ఒక్కసారి కూడా లేదు.

తర్వాత డ్రైవర్ మానిటర్ చూస్తూ కూర్చున్నాడు. నేను ఇంజిన్ ఆపే ఉంచి, సెన్సర్ దగ్గరనుంచి వైరింగ్‌ని జానెడు జానెడు కదుపుతూ వచ్చాను. పంపు పక్కన ఒక ఇనుప క్లాంప్ దగ్గరికి రాగానే పైనుంచి బీప్. క్లాంప్ లోపల ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. ఇనుము అంచు వైరు తొడుగుని కోసేసింది, లోపల రాగి మెరుస్తోంది. గట్టు మీద మెషిన్ నడిచినప్పుడల్లా అదిరి అక్కడ తగిలేది. సెన్సర్ మార్చినప్పుడు వైరింగ్ కొంచెం పక్కకి జరిగింది కాబట్టి రెండు రోజులు బాగుంది.

మామయ్య మెకానిక్‌కి ఫోన్ చేశారు. ఆయన సాయంత్రం వచ్చి వైరు సోల్డర్ చేసి, స్లీవ్ వేసి, కొత్త రబ్బరుతో క్లాంప్ బిగించాడు. "కోడ్ సెన్సర్ పేరే చూపించింది కదమ్మా, వైరు అనుకోలేదు" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆయనకి తెలిసిన దాంట్లో పదో వంతు కూడా నాకు తెలీదు.

మర్నాడు మధ్యాహ్నం

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు రెండింటికి డ్రైవర్ ఫోన్ చేశాడు, ఆయిల్ 94 చూపిస్తోందని. మామయ్య నా వైపు చూశారు. "మళ్లీ మొదలైందా?" నాకూ భయమేసింది, మేం చేసిన రిపేర్ పోయిందేమోనని.

డ్రైవర్ని అదే ప్రశ్న అడిగాను. ఒక్కసారే ఎక్కిందా, మెల్లగానా? ఈసారి జవాబు మారింది. "మెల్లగానేనండి, గంట పైనే పట్టింది. తవ్వుతుంటే ఎక్కింది." మెకానిక్ దగ్గరున్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తెప్పించి ట్యాంకు పక్కన కొలిస్తే 89. ట్యాంకు రేకు బయటివైపు కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి సరిపోయింది. అంటే ఈసారి సెన్సర్ నిజమే చెబుతోంది.

తప్పు ఆయిల్ కూలర్‌లో దొరికింది. రెక్కల మధ్య దుమ్ము, గడ్డి నూగు గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి, గాలి వెళ్లే సందే లేదు. గాలి వెళ్లే దిక్కుకి ఎదురుగా కంప్రెసర్‌తో ఊదించి శుభ్రం చేశారు. ఆ తర్వాతి రోజు అదే ఎండలో, అదే పనిలో 78 దగ్గర ఆగింది.

మామయ్య ఆ రాత్రి అన్నం తింటూ ఒక లెక్క వేశారు. రెసిస్టర్ పెట్టి పదకొండు రోజులు. ఆ పదకొండు మధ్యాహ్నాలూ మానిటర్ మీద 62 ఉంది. అసలు ఆయిల్ ఎంత దాకా వెళ్లిందో ఎవరికీ తెలీదు, మెషిన్‌కి కూడా. "సీజన్ అయ్యేదాకా అలాగే వదిలేసుంటే?" అన్నారు. అత్తయ్య మాట మార్చేసింది.

వరసగా ఏం చూడాలి

మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో ఇలాంటి మెషిన్ ఉంటే ఈ వరస గుర్తుపెట్టుకోండి. పైసా ఖర్చు లేనివి ముందు, పార్టులు కొనడం చివర.

1. డ్రైవర్ని అడగండి. ఎప్పుడు వస్తోంది, ఏ పని చేస్తుంటే, మెల్లగానా, ఒక్కసారిగానా?
2. పొద్దున ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందు అన్ని టెంపరేచర్లూ చూడండి. రాత్రంతా ఆగిన మెషిన్‌లో అన్నీ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒక్కటే వేరుగా ఉంటే దాన్ని అనుమానించండి.
3. కోడ్ పూర్తిగా రాసుకోండి, చివరి అంకెతో సహా.
4. సెన్సర్ కప్లర్ పీకండి. రీడింగ్ చలి వైపు చివరికి పోవాలి. అదే కప్లర్‌లో సెన్సర్‌కి వచ్చే రెండు పిన్నులని చిన్న వైరుతో కలపండి. వేడి వైపు చివరికి పోవాలి. రెండూ జరిగితే వైరూ కంట్రోలరూ అప్పటికి బాగున్నట్టే, అనుమానం సెన్సర్ మీదకి, కప్లర్ మీదకి వస్తుంది. జరగకపోతే కొత్త సెన్సర్ కొనకండి. ఇది రెండు వైర్ల సెన్సర్‌కి మాత్రమే, అదీ మాన్యువల్‌లో పిన్నులు చూసుకున్నాకే.
5. వచ్చి పోయే తప్పు అయితే వైరింగ్‌ని కదుపుతూ మానిటర్ చూడండి.
6. పని చేసి వేడెక్కాక ఇంకో థర్మామీటర్‌తో పోల్చండి.
7. సెన్సర్ బయటికి తియ్యాల్సి వస్తే ఐస్ నీళ్లలో ఒకసారి, మరిగే నీళ్లలో ఒకసారి రెసిస్టెన్స్ కొలిచి, మాన్యువల్ టేబుల్‌తో చూసుకోండి.

ఒక్క హెచ్చరిక. సెన్సర్ విప్పేముందు ఇంజిన్ ఆపాలి, బకెట్ నేల మీద దించాలి, ఆయిల్ చల్లారాలి, సిస్టమ్‌లో ప్రెషర్ తీసెయ్యాలి. ఆ పని తెలిసినవాళ్లే చెయ్యాలి. ప్రెషర్‌లో ఉన్న ఆయిల్ సూది మొనంత రంధ్రంలోంచి వచ్చినా చర్మం లోపలికి దూసుకెళ్తుంది. లీకు కోసం ఎప్పుడూ చేత్తో తడమకండి.

సీఎస్ఈ వాళ్లకి ఒక మాట

జే1939లో ఇలాంటి టెంపరేచర్‌ని ఒక బైట్‌లో పంపుతారు. వచ్చిన నంబర్లోంచి 40 తీసేస్తే డిగ్రీలు. 102 వస్తే 62 డిగ్రీలన్నమాట. కానీ 254 వస్తే 214 డిగ్రీలని కాదు, 'సెన్సర్‌లో తప్పుంది' అని. 255 వస్తే 'నా దగ్గర ఈ సమాచారం లేదు' అని. ఆ ప్రోటోకాల్ రాసినవాళ్లు 'నాకు తెలీదు' అని చెప్పడానికి కూడా చోటు ఉంచారు. అది నాకు చాలా నచ్చింది.

నచ్చడంతో పాటు కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది. పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌లో మేం గది టెంపరేచర్ చూపించే యాప్ చేశాం. డెమో ముందు రోజు రాత్రి సెన్సర్ అప్పుడప్పుడూ రీడింగ్ ఇవ్వట్లేదు. ఎర్రర్ వస్తే పాత నంబరే మళ్లీ చూపించమని నేనే రెండు లైన్లు రాశాను. డెమో బ్రహ్మాండంగా జరిగింది, మార్కులు కూడా బాగా వచ్చాయి. నేను పెట్టింది కూడా 560 ఓమ్స్ రెసిస్టరేనని అప్పుడు తెలీలేదు.

కాలేజీకి తిరిగొచ్చాక ఆ రెండు లైన్లు తీసేశాను. ఇప్పుడు రీడింగ్ రాకపోతే యాప్‌లో నంబర్ బదులు 'సెన్సర్ చెప్పట్లేదు' అని వస్తుంది. చూడ్డానికి అంత బాగోదు. కానీ సెన్సర్ ఎప్పుడు పోయిందో ఇప్పుడు మాకు తెలుస్తోంది. మొన్న ఒకసారి వచ్చింది కూడా. వెళ్లి చూస్తే బ్రెడ్‌బోర్డ్‌లో వైరు వదులైంది.